దేశమునకు వంటచెఱకు

మన పల్లెలలో వేసవి ముగియక పూర్వమే ఇల్లాండ్రు చేయుచుండిన పనులు పెద్దలకు జ్ఞాపకముండును. ఎండుకట్టెలు చీల్పించి చూరుక్రిందికి చేర్పించుట, పిడకలు ఎండబెట్టి కుప్పవేసి పైన తాటాకులు కప్పుట, చింతపండు గింజతీసి కుండలకెత్తుట, ఏడాదికి సరిపడ ఆవకాయ జాడీలలో నుంచుట, ఇవి యన్నియు తొలకరికి ముందే జరుగవలెను. శ్రావణమాసమున తడికట్టెతో పొయ్యి ఊదుకొనుచు కన్నీరు తుడుచుకొను నిల్లాలిని చూచి ఇరుగుపొరుగువారు జాలిపడుటకంటె ఆక్షేపించుటయే యెక్కువ. నాలుగు నెలల ముందుచూపు లేని సంసారమని వారి తీర్పు.

దేశమును గూర్చి ఇట్టి తీర్పు చెప్పువా రెవరు? దేశపు పొయ్యికి నాలుగు నెలల ముందుచూపు చాలదు. బొగ్గున్నచోటు కనుగొని, భూమి సేకరించి, గని త్రవ్వి, రైలుమార్గము వేసి బొగ్గు బయటికి తెచ్చుటకు పదియేండ్లు పట్టును. పెద్ద యానకట్ట కట్టి నీటినుండి విద్యుత్తు తీయుటకు ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువయే. ఒకసారి కట్టిన బొగ్గు విద్యుత్కేంద్రము నలువదియేండ్లు బొగ్గు కోరుచునే యుండును. అనగా నేడొక మంత్రి చేసిన సంతకము ఆయన మనుమల కాలమున గూడ చెల్లుచుండును. మంత్రుల పదవీకాలమో, ఐదేండ్లు, అదియును నిండినచో.

మన దేశమున ఇంధనమును గూర్చి ప్రణాళికలు లేవని చెప్పుట అసత్యము. 1938 మొదలు నేటివఱకు బహుశ్రద్ధతో వ్రాసిన నివేదికలు అరడజనుకు తక్కువ లేవు. వానిని వ్రాసినవారును సామాన్యులు కారు. లోపము మఱియొకచోట నున్నది. పొగ కంటికెక్కినప్పుడు నివేదిక వ్రాయించుట, పొగ వెడలిపోగానే దానిని అటకమీద పెట్టుట, ఇది మన యలవాటు. ఈ యలవాటు చరిత్రయే మా వ్యాసమునకు విషయము.

ఒక దేశమంతటి యింధనమునకు కాలక్రమమున లెక్కకట్టి చూచినవారిలో మొదట చెప్పదగినవాడు ఇంగ్లండునందలి అర్థశాస్త్రజ్ఞుడు విలియం స్టాన్లీ జెవన్సు. 1865లో ‘బొగ్గు ప్రశ్న’ యని యర్థమిచ్చు పేరుతో గ్రంథము ప్రకటించునాటికి ఆయనకు ముప్పదియేండ్లు నిండలేదు. బ్రిటను సిరి యంతయు చవకబొగ్గుమీద నిలిచియున్నదనియు, గనులు నానాటికి లోతునకు పోవుటచే ఆ బొగ్గు ప్రియమగుననియు, ప్రియమైననాడు ఆ యభ్యుదయము నిలువదనియు ఆయన వాదము. దీనికి అప్పటివా రొక సమాధానము చెప్పుచుండిరి: యంత్రములు బాగుపడి తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయునుగదా యని. జెవన్సు దానిని తిరుగవేసెను. ఆవిరియంత్రము పొదుపైనకొలది దానిని వాడువారు పెరిగి మొత్తముమీద బొగ్గు ఖర్చు హెచ్చినదే కాని తగ్గలేదని చూపెను. విద్యుద్దీపములు చవకయైన పిదప మన యిండ్లలో ఎన్ని గదులలో ఎన్ని దీపములు వెలుగుచున్నవో చూచుకొన్నవారికి ఈ మాట వేఱుగ బోధింపనక్కఱలేదు.

జెవన్సు కొన్నియెడల పొరబడెను. రాతినూనె ఇంత పని చేయునని ఆయన యూహింపలేదు. బ్రిటనులో బొగ్గు త్రవ్వకము 1913లో సుమారు 28 కోట్ల 70 లక్షల టన్నులకెక్కి తరువాత తఱిగినమాట నిజమే. కాని ఆ దేశము తుదకు బొగ్గును విడిచినది బొగ్గు లేక కాదు. 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బొగ్గు విద్యుత్కేంద్రము మూతపడునాటికిని నేలలో బొగ్గున్నది. అయినను ఆ గ్రంథమువలన కలిగిన మేలు చిన్నది కాదు. గ్లాడ్‌స్టను 1866లో తన ఆదాయవ్యయ ప్రసంగమున దానిని పురస్కరించుకొని దేశఋణము తీర్చుకొనవలసిన యావశ్యకతను చెప్పెను. బొగ్గు నిలువలను విచారించుటకు ఒక రాజనియుక్తసంఘ మేర్పడి 1871లో నివేదిక నిచ్చెను. లెక్క తప్పినను, లెక్క వేయవలెనన్న బుద్ధి పుట్టెను.

సరిగా ఆ 1871వ సంవత్సరముననే మన ఎల్లందు ప్రాంతమున నేలబొగ్గున్నట్లు భూగర్భశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి హక్కులు కలిగెను; 1889లో బొగ్గు బయటికి వచ్చెను; 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. ఇంగ్లండునందలి బొగ్గును గూర్చి అక్కడి పెద్దలు శతాబ్దముల లెక్కలు వేయుచుండగా, మన బొగ్గు లండనులోని వాటాదారుల యేడాది లెక్కలోని దయ్యెను. పరుల చేతిలోని సొత్తునకు మఱియొక గతి యుండునా?

ఈ విషయమును దేశదృష్టితో చూచిన మనవారిలో ఇద్దఱిని మేము ప్రత్యేకముగ స్మరింతుము. మొదటివారు మేఘనాద్ సాహా. ఆయన 1893లో ఢాకా మండలమున ఒక పేదకుటుంబమున జన్మించి, నక్షత్రముల వెలుగును పరిశోధించి లోకప్రసిద్ధి నందిన భౌతికశాస్త్రజ్ఞుడు. నక్షత్రములను చూచువానికి నేలమీది పొయ్యితో పనియేమి యని యడుగవచ్చును. బంగాళమున వరదలను కన్నులార చూచి, బాధితులకు సహాయకార్యము చేసినవా డగుటచే ఆయన దృష్టి నదులమీదికి మరలెను. వరద నాపవలెనన్న ఆనకట్టలు కావలెను. ఆనకట్టలున్నచో విద్యుత్తు తీయవచ్చును. 1935లో స్థాపించిన ‘సైన్స్ అండ్ కల్చర్’ పత్రికయందు ఆయన మాటిమాటికి చెప్పిన దిది: మనిషి యొక్కనికి ఎంత శక్తి యుపయోగపడుచున్నదో యదియే ఆ జాతి కలిమికి కొలత, ఆ కొలతతో చూచినచో పడమటివారికిని మనకును పోలికయే లేదు, ఈ యంతరము చేతిపరిశ్రమలతోనే పూడునది కాదు. రాట్నమును ప్రేమించువారికి ఈ మాట కష్టముగ దోచెను. ఆ తగవు నేటికిని పూర్తిగ తీఱినదని మేమనుకొనము. ఎంత శక్తి చాలును అను ప్రశ్నను సాహా అడుగలేదు, రాట్నమువా రడిగిరి.

1938లో సుభాస్ చంద్ర బోసు కాంగ్రెసు అధ్యక్షుడై యుండగా జాతీయ ప్రణాళికాసంఘ మేర్పడెను. జవాహర్‌లాల్ నెహ్రూ దానికి అధ్యక్షుడు. శక్తికిని ఇంధనమునకును ప్రత్యేకముగ నొక ఉపసంఘము నియమింపబడెను. సాహా అందు ముఖ్యుడు. ఇంతలో యుద్ధము వచ్చెను. 1940లో నెహ్రూ చెఱసాల కేగెను. పని యాగెను. ఉపసంఘముల నివేదికలు అచ్చై వరుసగ బయటికి వచ్చునప్పటికి దేశమే రెండయ్యెను. మొదటి ప్రణాళిక యిట్లు అటకయెక్కెను. దానికి కాలమును నిందింపవచ్చును. పిదపవానికి ఆ సాకు లేదు.

రెండవవారు డాక్టరు అంబేడ్కరు. 1942 మొదలు 1946 వఱకు వైస్రాయి కార్యనిర్వాహకసభలో ఆయన కార్మికశాఖను చూచుచుండెను; విద్యుత్తును నీటిపారుదలయు ఆ శాఖక్రిందనే యుండెను. పేదఱికమునుండి బయటపడుటకు పరిశ్రమలు, పరిశ్రమలకు చవకయై సమృద్ధమైన విద్యుత్తు, దానికి ప్రభుత్వమే పూనుకొనవలసిన బాధ్యత, ఇది 1943లో ఆయన చెప్పిన సిద్ధాంతము. ఆ సంవత్సరమే దామోదరనది గట్టు తెగి బంగాళమున గొప్ప యుపద్రవము కలిగెను. సాహా వ్రాతలు, అంబేడ్కరు కచేరీపని, అమెరికాలోని టెనెసీలోయ యనుభవము, ఇవి కలిసివచ్చి 1948లో దామోదరలోయ కార్పొరేషనుగా ఫలించెను. ఒక నదికి పుట్టినచోటినుండి సముద్రముదనుక ఒకటే లెక్క యుండవలెనన్న భావము మన దేశమున చట్టరూపము దాల్చుట అదియే ప్రథమము.

ఆ 1948లోనే విద్యుత్సరఫరా చట్టము గూడ వచ్చెను. అందొక చిన్న విషయమున్నది. దానిని మేము పెద్దగ చెప్పదలచితిమి. దేశమంతటి విద్యుత్తును గూర్చి దీర్ఘాలోచన చేయుటకు కేంద్ర విద్యుత్ ప్రాధికారసంస్థ యొకటి యుండవలెనని చట్టము విధించెను. ఉద్దేశము మంచిది. సంస్థ 1951లో ఏర్పడెను. కాని యది పూర్తికాలము పనిచేయు సంస్థ కాదు, తీఱికవేళల సంస్థ. పూర్తికాలపు సంస్థ యగుట 1975లో. ఇరువదినాలుగేండ్లు! ఆ నడుమ దేశమున భాక్రా కట్టిరి, హీరాకుడ్ కట్టిరి. మూడు యుద్ధములు జరిగెను. నాలుగు పంచవర్షప్రణాళికలు ముగిసెను. దేశమున దీర్ఘకాలమును గూర్చి యోచింపవలసిన ఒక్క సంస్థకును ఆ యోచనకు పూర్తిదినము దొరకలేదు. దీపము పెట్టు పని పెద్దకోడలిదని చెప్పి, సంధ్యవేళకు ఆమెను పొరుగింటి పనికి పంపినట్లున్నది.

ఆ కాలమున ఏమియు జరుగలేదని మా భావము కాదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ప్రారంభమై విశాఖసీమకు వెలుగు తెచ్చెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ మండలి ఏర్పడెను. ఒక్కొక్క పని వేఱువేఱుగ చూచినచో గొప్పదే. మాచ్‌ఖండ్ నీటిక్రింద భూములు పోయిన కొండవాండ్రలో అనేకుల గుడిసెలకు దీపము వచ్చుటకు దశాబ్దములు పట్టినమాట గూడ ఇక్కడనే చెప్పవలసియున్నది. ప్రణాళికలో వారి పేరు ‘ముంపు’ అను శీర్షికక్రింద మాత్రమే యుండెను.

పేరులేనివా రింకొకరున్నారు. వారు మన యిండ్లలోనే యున్నారు.

1959లో జాతీయ ఆర్థిక పరిశోధనామండలివారు ఇండ్లలో వాడు ఇంధనమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. 1965లో భారత శక్తిసర్వేసంఘము తన నివేదిక నిచ్చెను. దేశమంతయు వాడుచున్న శక్తిలో సగమునకు మించి బొగ్గునుండియు కాదు, నూనెనుండియు కాదు, విద్యుత్తునుండియు కాదు. కట్టెలనుండి, పిడకలనుండి, పైరుల చెత్తనుండి వచ్చుచున్నదని తేలెను. కందికంప, ప్రత్తికట్టె, కొబ్బరిమట్ట, ఇవి దేశమున కన్నిటికంటె పెద్ద విద్యుత్కేంద్రము! దీనికి మంత్రి లేడు, ఇంజనీరు లేడు, ఆదాయవ్యయపత్రమున పద్దు లేదు. కారణము, దీనిని మోసితెచ్చునది స్త్రీ. ఆమెకు కూలి లేదు. కూలి లేనిపని లెక్కలోనికి రాదు. మైళ్లదూరము నడచి తెచ్చిన మోపును కిటికీలేని వంటయింట కాల్చి, ఆ పొగను ఊపిరితిత్తులలో నిలువచేసికొన్న తల్లులెందఱో! స్త్రీవిద్యను గూర్చి, బాల్యవివాహమును గూర్చి మన సంస్కర్తలు వ్రాసినదానిలో నూఱవవంతు పొయ్యిపొగను గూర్చి వ్రాసియుండిన బాగుండెడిది. ఈ నింద మాకును చెందును.

1965 నాటి ఈ సత్యము ఎంతకాలమునకు పనిలోనికి వచ్చెను? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపము పథకముక్రింద మహిళాసంఘముల సభ్యులకు గ్యాసుపొయ్యిలిచ్చుట 1999లో మొదలయ్యెను. దేశమంతట ఉజ్జ్వల పథకము 2016లో వచ్చెను. ఈ రెండింటి నడుమ 2011 జనగణనలో గూడ దేశమున ఇంచుమించు సగము ఇండ్లలో కట్టెలపొయ్యియే. గ్యాసు నూటికి 28.5 ఇండ్లలో మాత్రమే. గ్యాసు వచ్చినందుకు మేము సంతసింపకపోలేదు. కాని మనము వంటకు వాడు గ్యాసులో సగమునకు మించి సముద్రము దాటి వచ్చుచున్నది. పెరటిలోని కంపపొయ్యి పర్షియా సింధుశాఖమీద నాధారపడిన పొయ్యిగా మాఱినది. అక్కడ యుద్ధము వచ్చినచో ఇక్కడ సిలిండరు ప్రియమగును. ప్రియమైననాడు రెండవ సిలిండరు తేలేక పాతపొయ్యి రాజేసికొను పేదయింటిని గూర్చి ప్రణాళిక ముందే తలపవలెను.

సముద్రము దాటిన ఇంధనము మన కొకసారి గట్టిగ బుద్ధి చెప్పెను. 1950, 60 దశకములలో నూనె బహుచవక. 1957లో విశాఖపట్టణమున నూనెశుద్ధి కర్మాగారము వెలసెను. ఇంటిలో బొగ్గుండగా కర్మాగారములు, రవాణా కొంచెము కొంచెముగ నూనెవైపు ఒరగెను. ఈ యొరుగుట మంచిది కాదేమో యని 1970లో ఇంధనవిధాన సంఘమును నియమించిరి. సుఖమయ్ చక్రవర్తి దాని యధ్యక్షుడు. సంఘము విచారించుచునే యున్నది. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము చెలరేగెను. పీపా మూడు డాలర్ల ప్రాంతమున నుండిన నూనె 1974 జనవరికి పన్నెండు డాలర్లకు సమీపించెను. దేశమునకు బొగ్గే ప్రధానాధారము కావలెనని చెప్పు నివేదిక 1974లో వెలువడెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వవలసిన చోటు చెప్పినట్లయ్యెను.

న్యాయముగ చెప్పవలెనన్న, ఈసారి బావి త్రవ్విరి. బొగ్గుగనులను అప్పటికే 1971-73 నడుమ జాతీయము చేసియుండిరి. 1975లో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ ఏర్పడెను. బొగ్గును దూరము మోయుటకంటె బొగ్గున్నచోటనే విద్యుత్తు చేసి తీగెలమీద పంపుట మేలని నిర్ణయించిరి. గోదావరియొడ్డున, సింగరేణి గనుల ప్రక్కన, రామగుండమున 1983లో మొదటి యంత్రము తిరిగెను. దక్షిణదేశమున ఎన్నియో యూళ్లు ఆ వెలుగుతో బ్రదికినవి. బుద్ధికి పని చెప్పి, పదియేండ్లు ఒకేదారిని నడచినచో ఫలమెట్లుండునో రామగుండము సాక్షి.

ఆ 1973 దెబ్బ తిన్న దేశములలో డెన్మార్కు కథ చెప్పదగినది. అది మన జిల్లాలు కొన్ని చేర్చినంత దేశము. వాడు శక్తిలో పదింట తొమ్మిదిపాళ్లకు మించి దిగుమతిచేసికొన్న నూనెయే. ఆదివారములు కార్లు నడుపరాదని శాసించునంత కష్టము వచ్చెను. 1976లో మొదటి శక్తిప్రణాళిక వ్రాసికొనిరి. 1979లో ఒక చట్టముచేసి ఏ పట్టణమున ఇండ్లను ఏ వేడిమితో వెచ్చచేయవలెనో పటము గీసికొనిరి. విద్యుత్కేంద్రమున వృథాగ పోవు వేడినీటిని గొట్టములలో నిండ్లకు పంపిరి. పరమాణుశక్తి కావలెనా వలదా యని యూరూర చర్చించి 1985లో పార్లమెంటులో వలదని తేల్చుకొనిరి. గాలిమరలను చిన్నవానినుండి పెద్దవానికి మెల్లగ పెంచికొనిరి. ప్రభుత్వములు మాఱెను, ప్రణాళికను 1981లో, 1990లో, 1996లో సవరించిరి, అటకయెక్కింపలేదు. ఫ్రాంసు అదే కాలమున పరమాణుకేంద్రములవైపు తిరిగి అంతకంటె వేగముగ పోయినది కాని, ఆ నిర్ణయము 1974లో ప్రజలతోగాని పార్లమెంటుతోగాని విపులచర్చ లేకయే జరిగినది. మేము డెన్మార్కు పక్షము.

మన దేశమున 1979లో మఱియొక నివేదిక వచ్చెను. దానిని గూర్చి విస్తరింపము. 1992లో శక్తిశాఖ చీలి విద్యుత్తున కొకరు, బొగ్గున కొకరు, సూర్యుడు గాలి మొదలగువాని కొకరు మంత్రులైరి. నూనె, గ్యాసు వేఱొకరి చేతిలో నుండెను. పొయ్యి యొకటి, కట్టెలు తెచ్చువారు నలుగురు, వారు ఒకరితో నొకరు మాటలాడవలసిన విధి లేదు. దీని ఫలమును గోదావరీతీరమువారు అనుభవించిరి. ఈ కథను కొంచెము నిలిచి చెప్పవలసియున్నది.

కోనసీమలో నేలక్రింద గ్యాసున్నదని 1980 దశకమునకే తెలిసెను. 1995 జనవరి 8న పాశర్లపూడిలో త్రవ్వుచున్న బావి పేలి మంటలు లేచెను. 65 దినములు ఆ మంట యాఱలేదు. రాత్రివేళ చుట్టుప్రక్కల గ్రామములకు చీకటియన్నది లేకపోయెను. నేలక్రింద ఎంత ధనమున్నదో ప్రజలకు ఆ మంటయే చెప్పెను. దాని వెనువెంటనే జేగురుపాడునను కాకినాడయందును గ్యాసుతో విద్యుత్తు చేయు కేంద్రములు వెలసెను. 2002లో సముద్రగర్భమున ఇంకను గొప్ప నిధి బయటపడినదని వార్త వచ్చెను. ఇక చెప్పనేల? వేమగిరి, పెద్దాపురము, దేవరపల్లి, మఱల జేగురుపాడు, క్రొత్త కేంద్రములు లేచెను. వేలకోట్ల యప్పులు బ్యాంకులనుండి వచ్చెను. ఆ బ్యాంకులలోని సొమ్ము మనవంటి గృహస్థులు దాచుకొన్నదే.

కేంద్రములు సిద్ధమయ్యెను, గ్యాసు సిద్ధము కాలేదు. పందిరి వేసి, వంటవారిని పిలిచి, గాడిపొయ్యి త్రవ్వి, బియ్యము మిల్లునుండి ఎప్పుడు వచ్చునో యని వీథివైపు చూచుచున్న పెండ్లియిల్లువలె అవి మూడేండ్లప్రాంతము నిలిచెను. 2009 ఏప్రిల్‌లో సముద్రపు గ్యాసు వచ్చెను. మఱుసటి యేటికి దినమునకు ఆఱుకోట్ల ఘనమీటర్ల ప్రాంతమున కెక్కెను. అందఱును ఊపిరి పీల్చిరి. ఆపై తగ్గసాగెను. 2013 ముగియునప్పటికి ఇంచుమించు నాలుగవవంతునకు పడెను. తగ్గుటకు కారణము భూగర్భమా, మనుష్యులా యని ప్రభుత్వమునకును గనిదారులకును వ్యాజ్యములు నడచినవి. ఆ తగవులోనికి మేము పోము. ఉన్న గ్యాసులో మొదటి వంతు ఎరువుల కర్మాగారములకు పోయెను; అది న్యాయమే, అన్నము ముందు. విద్యుత్తునకు మిగులలేదు.

2012, 2013 సంవత్సరములను తెలుగువారు మఱచియుండరు. కర్మాగారములకు వారమున కొన్ని దినములు పవర్ హాలిడే. పల్లెలలో కరెంటు ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో తెలియదు; రైతు అర్ధరాత్రి లేచి మోటారు వేయుటకు చేనికి నడచును; పాముకాటుకో, తెగిన తీగెకో బలియైన వారెందఱో. పిల్లలు కొవ్వొత్తివెలుగున పరీక్షలకు చదివిరి. ఆ దినములలోనే గోదావరియొడ్డున, ఉత్తమమైన యంత్రములు గుడ్డలు కప్పుకొని నిలిచియుండెను. 2015 నాటికి దేశమున నిట్లు దేశీయ గ్యాసు లేక నిలిచిన కేంద్రముల సామర్థ్యము 14,000 మెగావాట్లకు మించెనని ప్రభుత్వమే లెక్కచెప్పెను. 2014 జూన్ 27న కోనసీమలోని నగరము గ్రామమున గ్యాసుగొట్టము పేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. గ్యాసువలని యపాయము ఆ సీమవారి కుండెను. గ్యాసువలని వెలుగు లేకపోయెను.

ఇందు దొంగ యెవడని వెదకుట సులభము, ప్రయోజనము తక్కువ. సముద్రమున గ్యాసు ఎంతయున్నదో చెప్పినవా రొక శాఖవారు. కేంద్రములకు అనుమతులకు దారిచేసినవారు మఱియొక శాఖవారు. అప్పిచ్చినవారు ఇంకొకరు. ప్రతివారును పక్కవాని మాట నమ్మి తమ పని తాము సక్రమముగనే చేసిరి. గ్యాసు చెప్పినంత రాకున్న నేమి చేయుదము అని అడిగి, ఆ ప్రశ్నకు సమాధానము వచ్చువఱకు సంతకము నాపగల యధికారము ఒక్కరికిని లేదు. ప్రణాళికయన్నచో మా యభిప్రాయమున ఈ యధికారమే. అంకెల పట్టికలు కావు. 2020 తరువాత అదే సముద్రమున క్రొత్త బావులనుండి గ్యాసు మరల వచ్చినది. కాని యప్పటికి దాని వెలకు చేసిన విద్యుత్తును కొనువారు లేక ఆ కేంద్రములలో పెక్కింటికి నిద్ర వదలలేదు.

2006లో కిరీట్ పారిఖ్ అధ్యక్షతను మఱియొక సంఘము సమగ్ర శక్తివిధానమను పేరుతో పెద్ద నివేదిక వ్రాసెను. ఇంధనములన్నింటిని ఒకే త్రాసులో తూచవలెనని అందు స్పష్టముగ చెప్పిరి. 2008లో మంత్రివర్గము దానిని అంగీకరించెను. అంగీకరించిన తరువాతనే గ్యాసు కేంద్రముల దుర్దశ పరాకాష్ఠ నందినది. 2017లో నీతి ఆయోగ్‌వారు జాతీయ శక్తివిధానపు చిత్తుప్రతి ప్రకటించిరి. అది చిత్తుగనే నిలిచెను. అటక బలమైనది.

2003 నాటి విద్యుత్ చట్టము ఒక మేలు చేసినది. కేంద్ర విద్యుత్ ప్రాధికారసంస్థ ఐదేండ్లకొకసారి జాతీయ విద్యుత్ ప్రణాళికను వ్రాసి ప్రకటించితీఱవలెను. ఆ సంస్థకు నేడు పూర్తిదినము పని యున్నది. సూర్యునినుండి తీయు విద్యుత్తు ఊహింపనంత చవకయై కర్నూలు, అనంతపురము సీమల బంజరులు అద్దములతో నిండినవి. సూర్యుడున్నవేళనే మోటారు తిరిగినచో రైతునకు అర్ధరాత్రి నడక తప్పును. అది మేము కన్నులార చూడగోరు మేలు. కాని ప్రొద్దుగూకిన పిదప ప్రతి యింట దీపము వెలుగువేళకు ఆ వెలుగును నిలువచేయు ఉపాయము ఇప్పటినుండియే కట్టుకొనవలెను. నీటిని పైకెత్తి నిలిపి మరల విడుచు జలాశయమునకును ఏండ్లు పట్టును.

బొగ్గునకు మరల వత్తము. 2021 నవంబరులో గ్లాస్గో సభయందు మన ప్రభుత్వము 2070 నాటికి దేశమున గాలిలోనికి విడుచు కర్బనమును, తిరిగి గ్రహించు కర్బనమును సమముచేయుదుమని మాట యిచ్చెను. మంచి మాట. 2023లో రామగుండమున తెలంగాణకై 800 మెగావాట్ల క్రొత్త బొగ్గుయంత్రము తిరిగెను. 2024లో దానికి తోడు మఱియొకటి వచ్చెను. ఇదియు నాటి యవసరమునకు తగినదే. ఆ యంత్రముల యాయువు 2060 దాటును.

సింగరేణిలో ఒకప్పుడు లక్షకు మించిన కార్మికులుండిరి. నేడు నలువదివేల ప్రాంతమున నున్నారు. కొత్తగూడెము, మందమఱ్ఱి, గోదావరిఖని, భూపాలపల్లి, ఈ యూళ్లు బొగ్గువలన పుట్టినవి. ఎల్లందు, బెల్లంపల్లి వీథులలో నడచినవారికి గని తఱిగిన యూరు ఎట్లుండునో చెప్పనక్కఱలేదు. బ్రిటనులో 1984-85 సమ్మె యోడిన తరువాత గనులు వరుసగ మూతపడగా, ఆ గ్రామములకు మఱియొక బ్రదుకు ముందుగ నేర్పఱుపకపోవుటచే రెండు తరములు నలిగెను. అక్కడి చివరి బొగ్గుకేంద్రము మూతపడిన 2024లోనే సింగరేణిలో తండ్రి యుద్యోగము కొడుకునకు వచ్చిన యింటిని తలచుకొందము. కుఱ్ఱవానికి ఇరువదియేండ్లు. ఆ సంస్థలో విశ్రాంతి వయస్సు 61. అతడు దీపపు టోపీ దించి యింటికి వచ్చునది 2065లో. దేశము మాట యిచ్చిన గడువునకు ఐదేండ్లు ముందు. అతనికి నియామకపత్రము వ్రాసిన కచేరీ యొకటి, 2070 మాట వ్రాసిన కచేరీ యొకటి, రామగుండపు యంత్రమునకు అనుమతి వ్రాసిన కచేరీ యొకటి.